పరుపుల బాకీ

మా ఇంట్ల ఒక బాకీ ఉంది.
మేం ఇయ్యాల్సింది కాదు, మాకు రావాల్సింది.
నలభై పరుపులు, నలభై దిండ్లు,
దూది, మజూరీ కలిపి
ఆరువందల పన్నెండు రూపాయలు, హాలీ సిక్కా.
నాయినమ్మ మదారమ్మ వక్కల డబ్బాలో
ఉర్దూ రసీదు.
అడుగున జమేదారు సంతకం
వానకు తడిసి తోక జారిన తేలు.

సూర్యాపేట దాటినంక మూసీ ఒడ్డున
దండు దిగిన ఏడు.
భాద్రపదం. జొన్న పొట్టమీదుంది.
తాత నన్నేసాబు వింటినారి
కోడికూతకు మొదలైతే దీపాలదాకా
తుంయ్ తుంయ్ మంటనే ఉండేదట.
సిపాయిలకు పరుపులెందుకు సాబ్ అంటే
"లడాయి ఏండ్లు నడుస్తది,
నేలమీద ఎన్నాళ్లు పంటరు?"

జమేదారుకు ఒక రేడియో ఉండేది.
రేడియోలో దేశాలుండేవి.
ఒక దేశం విమానాలు పంపుతదట,
ఇంకోటి తుపాకులు.
ఏడు సముద్రాల అవతల పెద్ద కచేరీలో
మన అర్జీ మీద బహస్ జరుగుతదట.
తాత దూది ఏకుతూ వినేటోడు.
పిలిచినోళ్లంతా వస్తరని
ఎసట్ల బియ్యం పోసిన పెండ్లి ఇండ్లు
ఆయన చాన చూసిండు.
ఏమనలేదు.
దూది మాత్రం షావుకారు వీరేశం కొట్ల
అరువు తెచ్చింది.

తాత తమ్ముడు లాల్‌సాబు
ఆ దండులనే చేరిండు. పద్దెనిమిదేండ్లు.
బూట్ల కోసమే పోయిండంటది నాయినమ్మ.
పీర్ల గుండంల నిప్పులు తొక్కినోడు
బూట్లకు ఆశపడ్డడు.

సోమవారం మొదలైంది.
శుక్రవారానికి అయిపోయింది.
ఒక పెండ్లికి సరిపడ పరుపులు
కుట్టేటంత సేపు.
నడుమ ఒకనాడు వంతెన పేల్చిండ్రు.
టేకుమట్లల ఉట్టి మీది కుండలు పగిలినయి.
వచ్చేటోళ్లను ఆపనీకి పేల్చిన వంతెన
పోయినోళ్లను తిరిగి రానియ్యలేదు.
అవతలి గట్టున లాల్‌సాబు,
ఇవతలి గట్టున ఇల్లు,
మధ్యల ఎర్రనీళ్ల మూసీ.

దేశాలు రాలేదు.
విమానాలొచ్చినయి, అవతలోళ్లవి.
పెద్ద కచేరీల కేసు వాయిదా పడ్డది.
వాయిదా అంటే ఏందో
నల్లగొండ రైతుకు ఎవరూ చెప్పే పనిలేదు.

లడాయి అయినంక వచ్చినోళ్లు
తుపాకి ఎవరు పట్టిండ్రని అడగలేదు,
పేరు చివర సాబు ఉందా అన్నరు.
తాతను జొన్నచేన్ల దాచింది చాకలి ఎల్లవ్వ.
రెండు నెలలు మా మదారమ్మ
కుంకుమ బొట్టుతోని మాదమ్మ.
ఆ రెండు నెలల ముచ్చట
మా ఇంట్ల ఇంతే.

పెద్దపండుగకు ముందు
అంగట్ల ఒక పరుపు అమ్మకానికొచ్చింది.
తాత తన కుట్టు తాను గుర్తుపట్టిండు.
బేరమాడి, తన పరుపు తానే కొనుక్కొని
నెత్తిన పెట్టుకొని వచ్చిండు.
దాని మీద ఎవరూ పండలేదు.
తల గుంత లేదు, నూనె మరక లేదు.
రాత్రంతా పక్కన కూసున్నడట,
తెల్లారి కుట్లిప్పి దూది తీసి
వీరేశానికి మొదటి కిస్తు కట్టిండు.

ఏకై వచ్చి మేకైందంటరు గద,
ఏకులు చేసే మా ఇంట్ల
ఆ మాట ఎవరం అనం.
పదకొండేండ్లు కట్టిండు తాత, మిత్తితో సహా.
ఆయనకు రావాల్సినదానికి మాత్రం
ఇయ్యాల్సిన సర్కారు లేదు,
లెక్కగట్టిన సిక్కా చెల్లదు,
రసీదు చదివే మనిషి కూడ
ఇప్పుడు మా ఇంట్ల లేడు.

నాది హైవే పక్కన పరుపుల దుకాణం.
దూది కాదు, ఫోము.
గిరాకి లేనప్పుడు పిల్లలు ఫోన్ల చూపిస్తరు,
ఎక్కడిదో ఒక దేశం,
ఎవరొచ్చినా రాకున్నా మేమొక్కళ్లమే పోతమని
గుండెమీద చరుసుకుంటది.
పిల్లలు ఈలలేస్తరు.
నాకు ఒకటే రంది:
పరుపులు ఎవరు కుడుతున్నరో అక్కడ,
దూది ఎవరి కొట్ల అరువు తెచ్చిండ్రో.

కొత్తగ పెండ్లైన పిల్లగాడొకడు
వేలుతో ఫోము ఒత్తి చూసి
ఎన్నేండ్లొస్తది అన్నా అంటడు.
అయిదు రోజులని నోటిదాక వస్తది.
పదేండ్లు గ్యారంటీ తమ్మీ,
రసీదు జాగ్రత్త, అంట.